మాట మార్చిన దీపం

పాడ్యమి

జున్నూ, ఈ పొద్దున నీ దీపం వెలిగింది తల్లీ.

ఈ కాపలా పుస్తకంలో ఇలా రాయకూడదు. నీళ్ళ సంగతి, దీపాల సంగతి తప్ప సొంత గోడు పెట్టొద్దని వంతు అప్పగించేటప్పుడే దీపాల పని చూసే పారినాయుడు చెప్పాడు. ఈ పక్షం కాపలా నీళ్ళ మీది మా వరస మంచెల ఇళ్ళది, మా వరసలో నాది. రాయాల్సిన రెండు ముక్కలూ రాసేస్తాను. మిగిలిన జాగా ఖాళీగా ఎందుకుండాలి? అందులో నీతో మాట్లాడతాను. నాకు అక్షరాలు నేర్పినదానివి నువ్వే, కాబట్టి తప్పులుంటే అవీ నీవే.

రాయాల్సిన ముక్కలు ఇవి. దగ్గరి దీపాలన్నీ తెలుపు. కొండకొస దీపం పొద్దున తెలుపు, మధ్యాహ్నం ఎరుపు, పొద్దు వాలాక మళ్ళీ తెలుపు.

ఇక మన మాట. తెల్లారి దీపాల అరుగు ఊడుస్తున్నాను. గోడకి వరసగా బుడ్డి బల్బులు, సముద్రంలో తేలే ఒక్కో దీపానికీ ఇక్కడ ఒక్కో బల్బు. అక్కడ దీపం తన కింద వేలాడే నాలుకతో నీటిని రుచి చూసి పక్కదానికి చెబుతుంది, అది దాని పక్కదానికి చెబుతుంది, అలా మాట ఇక్కడికి చేరుతుంది. మామూలు నీరైతే తెలుపు. చిప్పల్ని విషం చేసి, పెదవికి తగిలితే తిమ్మిరెక్కించే కాటునీరైతే ఎరుపు. చిట్టచివరి బల్బు మాత్రం ఒక్కనాడూ వెలగలేదు. సముద్రంలో అన్నిటికన్నా దూరాన ఉన్న కొండకొసకి నువ్వు పట్టుకెళ్ళిన దీపం అది. రెండు వానాకాలాల కిందటి తుఫాను పోయాక పడవ ఖాళీగా తేలివచ్చింది. నువ్వూ దీపమూ దారిలోనే మునిగిపోయారని ఊరంతా అనుకుంది.

ఇవాళ ఆ బల్బు తెల్లగా వెలుగుతోంది. చీపురు కింద పెట్టి పారినాయుణ్ణి కేకేశాను.

"అదెలా ఎలుగుద్ది పిన్నీ? అక్కడ దీపమే నేదు."

"నేకపోతే ఎలుగుతాదా బావూ?"

వాడు తల గోక్కున్నాడు. నీతో కలిసి పని నేర్చినవాడు కదా, ఆ బల్బు వంక ఎక్కువసేపు చూడలేకపోయాడు. మధ్యాహ్నం అది ఎర్రబడితే వాడి మొహం తేలికపడింది.

"పిచ్చిదైపోనాది. రోజులోపల మాట మార్సిన దీపాన్ని మనం లెక్కలోకి తీసుకోం, తెల్సు కదా పిన్నీ."

తెలుసు. కాటునీరు వచ్చిందంటే నెలా రెండు నెలలు కదలదు. పొద్దున లేకుండా మధ్యాహ్నం వచ్చి సాయంత్రానికి పోయే కాటునీటిని ఈ ఊరు పుట్టాక ఎవరూ చూడలేదు. అందుకే ఒకే రోజు తెలుపూ ఎరుపూ రెండూ చెప్పిన దీపం చెడిపోయినట్టే లెక్క. వాడు బల్బు మీద గుడ్డపీలిక కప్పి వెళ్ళాడు.

పీలిక కింద నుంచి కూడా వెలుగు కనిపిస్తూనే ఉంది.


విదియ

దగ్గరివన్నీ తెలుపు. కొండకొసది నిన్నటిలాగే రెండు మాటలు.

పగలంతా పక్క మంచె బోడెమ్మప్పతో కలిసి, ఆల్చిప్పలు పెంచడానికి మంచె కింద నీళ్ళలో వేలాడదీసే మోకులు గీకాను. ఈ ఏడు ఆమె మోకులు చూడాలి, చిప్పలు పట్టి పట్టి ఒక్కోటి ఆవు తొడంత లావున్నాయి. పౌర్ణమి దాటాక, చిప్పలు ఇంకాస్త పెరిగాక ఎత్తితే వానాకాలమంతా ఊరు కూర్చుని తినొచ్చు. నేను మంచెకింద మెడదాకా నీళ్ళలో ఉన్నాను, ఆమె పైన కూర్చుని నా పనికి వంకలు పెడుతోంది. నువ్వున్నప్పుడు ఎలాగో ఇప్పుడూ అలాగే.

"ఒలే తవిటీ, నాచు గీకమంటే సిప్పలే గీకేత్తన్నావు. నీ దుంప తెగ, అది తినీది."

"నువ్వు దిగి గీకప్పా, సూసి నేర్సుకుంతాను."

"నాను దిగితే సముద్రం పొంగుద్ది."

ఇద్దరం నవ్వుకున్నాం. తరవాత ఆమె, మామూలుగా, గీకుడుకత్తి తుడుచుకుంటూ అంది.

"కొండకొస దీపం సంగతి ఇన్నాను. ఎలగడం, మారడం, మల్లీ ఎలగడం. ఎవులో సెయ్యెట్టి మూసి తెరుత్తన్నట్టున్నాది."

అన్నాక నాలిక కరుచుకుంది. నేను విననట్టు నీళ్ళలో మునిగాను. మునిగాక కూడా ఆ మాట చెవిలోనే ఉంది. సెయ్యెట్టి. కొండకొస మీద రాయి ఉంది, రాతి గుంతల్లో వాననీళ్ళు నిలుస్తాయి, గుల్లలు దొరుకుతాయి. ఒక మనిషి బతకడానికి అంతకంటే ఏం కావాలి?


చవితి

దగ్గరివి తెలుపు. కొండకొసది రెండు మాటలు.

సాయంత్రం పెద్ద మంచె మీద కూడిక జరిగింది. పిల్లలూ వచ్చారు, పని మార్చని మాట వినబడితే అరవడం వాళ్ళకి ఆట కదా.

ముందుగా చివరి వరస కన్నంనాయుడు లేచి, "ఏమో, కాటునీరు వత్తందేమోనని నాకు అనుమానంగున్నాది" అన్నాడు.

కూడిక నడిపే గురువులు మావ అడగాల్సిందే అడిగాడు. "దాంతో ఏటి సేత్తావు? రేపు మోకులెత్తేత్తావా?"

"రేపా? ఇంకా గోరంతే ఉన్నాయి సిప్పలు. ఇప్పుడెత్తితే వానాకాలం సగం కడుపే."

"అయితే ఎత్తవు."

"ఎత్తను."

"రేపటి పనిలో ఏటీ మారదు."

కన్నంనాయుడు కూర్చున్నాడు. పిల్లలంతా ఒక్కసారే "గాలిమాట" అని అరిచారు. వాడి కూతురే అందరికంటే గట్టిగా అరిచింది.

అప్పుడు నేను లేచాను. లేస్తానని నాకే తెలియదు.

"నా గుంట, మా జున్ను, కొండకొస మీదున్నాది మావా. అదే దీపాన్ని మూసి తెరుత్తన్నాది. నమ్ముతన్నాను."

పిల్లలంతా నా వైపు తిరిగారు. నమ్ముతున్నాను అన్న మాట మన ఊళ్ళో ఎవరూ ఊరికే అనరు. నీళ్ళు మంచివని నమ్మేవాళ్ళు ముందు పుక్కిలించాలి, చిప్పలు మంచివని నమ్మేవాళ్ళు మొదటి ముద్ద తినాలి. గురువులు మావ గొంతు సవరించుకున్నాడు. నన్ను ఆ మాట అడగడం ఆయనకి ఇష్టం లేదు, అయినా అడిగాడు.

"దాంతో ఏటి సేత్తావు కోడలా?"

"ఎల్లి తెచ్చుకుంతాను."

అంతే. నమ్మినదాని కోసం బయలుదేరేవాళ్ళకి పడవ ఇవ్వాలి, అది కట్టుబాటు. నడపడానికి పారినాయుడు వస్తానన్నాడు. దీపం పిచ్చిదని వాడి ఉద్దేశం, అయినా వస్తానన్నాడు. నీ మీది ప్రేమో, నా మీది జాలో నేను అడగలేదు.


షష్ఠి

దీపాల మాట మారలేదు. ఈ పూట నేను రాయాల్సింది వేరే ఉంది, అక్షరాలు వంకరపోతే ఏమనుకోకు.

రేపు ప్రయాణం. మధ్యాహ్నం కూడు కట్టుకున్నాను. చద్ది మూట, ఎండుచేప తునకలు, చింతకాయ పచ్చడి, నీళ్ళ కుండ. బోడెమ్మప్ప ఏదో ఇద్దామని వచ్చి మూట వంక చూసింది. గుమ్మంలోనే నిలబడిపోయింది.

"ఇదేటే తవిటీ, ఒక్క మనిసి కూడే కట్టినావు."

"పారి కూడు ఆడి ఇంటి నుంచే తెచ్చుకుంతాడప్పా."

"పారి సంగతి నానడగనేదు."

నాకు వెంటనే అర్థం కాలేదు. ఆమె వచ్చి నా పక్కన కూర్చుంది. జన్మలో ఆమె గొంతు అంత మెత్తగా నేను వినలేదు.

"రెండు వానాకాలాలు రాతి మీద కూకున్న గుంటకి ఆకలెయ్యదేటి? ఒంటి మీద గుడ్డుంతాదా? ఒక్క సీరైనా పెట్టినావా?"

మూట వైపు చూశాను. నా చేతుల వైపు చూశాను. నా చేతులే కట్టాయి దాన్ని. నోరు ఊరందరి ముందూ నమ్ముతున్నానని చెప్పింది, చేతులేమో ఒక్కరికే కట్టాయి. వాటికి ఎవరూ చెప్పకుండానే తెలుసు.

ఇంకా చాలా తెలుసు వాటికి. పోయిన చలికాలం నీ దుప్పటి బోడెమ్మప్ప మనవడికి ఇచ్చేశాను. ఇచ్చినప్పుడు ఏమీ అనుకోలేదు, పిల్లాడు వణుకుతున్నాడు, ఇచ్చాను. ఇంట్లో ఒక్క కుండ నీళ్ళే పడుతున్నాను. చాప మీద ఎప్పుడూ ఓ పక్కకి ఒదిగి పడుకునేదాన్ని, ఇప్పుడు నడిమధ్యన పడుకుంటున్నాను. ఎప్పుడు జరిగానో తెలియదు. తల్లినై ఉండి నేను అప్పుడే నమ్మేశాను జున్నూ, నువ్వు లేవని. నాకు తెలియకుండా నమ్మేశాను.

బోడెమ్మప్ప నన్ను ఒళ్ళోకి లాక్కుంది. ఏడ్చాను. ఇన్నాళ్ళూ ఏడ్చిన ఏడుపు వేరు, అది వస్తావేమోనన్న ఏడుపు, సగంలో ఆగి వాకిలి వైపు చూసే ఏడుపు. ఇది చివరిదాకా వెళ్ళి ఆగింది. ఆగాక ఆకలేసింది. ఇద్దరం ఆ మూటే విప్పుకుని తినేశాం.


సప్తమి

పొద్దున్నే గురువులు మావ మంచెకి వెళ్ళాను. ఆయన వల బాగుచేసుకుంటున్నాడు.

"మావా, నా మాట ఎనక్కి తీసుకుంతన్నాను. నా గుంట అక్కడ నేదు."

ఆయన వల పక్కన పెట్టాడు. "దానికి సిగ్గేటీ నేదు. పడవ కట్టీమంతావా?"

కట్టేయమనే అనబోయాను. నోటిదాకా వచ్చి ఆగిపోయింది. ఏదో ఒకటి లోపల గుచ్చుకుంటోంది, పాదంలో ముల్లు దిగినట్టు. ఆలోచన అంటే తీరిక ఉన్నవాళ్ళు కూర్చుని చేసే పని అనుకునేదాన్ని. కాదు. ముల్లు దిగితేనే కాలెత్తి చూసుకుంటాం, దిగకపోతే నడుచుకుంటూ పోతాం.

"కట్టొద్దు మావా. నమ్మకం పోయింది గానీ అనుమానం ఒచ్చింది."

"ఏటనుమానం?"

"మనిసే నేకపోతే ఆ దీపం మాట ఎందుకు మారుత్తన్నాది? పిచ్చిదైతే ఎప్పుడు పడితే అప్పుడు మారాలి. ఇది పిచ్చిదాన్లా నేదు, పనున్నదాన్లా ఉన్నాది."

"దాంతో ఏటి సేత్తావు?"

"ఎల్లి దాని పక్కన కూకుంతాను. మారినపుడు దాని సుట్టూ ఏటి మారుతాదో సూత్తాను."

ఆయన బోసినోటితో నవ్వాడు. "మొన్న ఎల్తానన్నదీ నువ్వే, ఇయాల ఎల్తానంతన్నదీ నువ్వే. పడవకి తేడా తెల్దు, ఎల్లు."

ఈసారీ ఒక్కరికే కూడు కట్టుకున్నాను. ఈసారి తెలిసి కట్టుకున్నాను.


నవమి

తిరిగి వచ్చాం. అన్నీ వరసగా రాస్తాను, తొందరలో ఏదైనా వదిలేస్తే తరవాత చదివేవాళ్ళకి అర్థం కాదు.

దారంతా పారినాయుడు నన్ను నవ్వించాలని చూశాడు. "నీటికాకి ఒచ్చి దీపం మీద కూకుని రెక్కలారేసుకుంతాది పిన్నీ, ఎలుగు మూసుకుపోద్ది. దానికి మనం ఊరంతా కూడిక పెట్టీసినాం." నీటికాకి కనిపిస్తే ఇంటికి తీసుకెళ్ళి కూడికలో నిలబెడదామన్నాను. అలా నవ్వుకుంటూనే చేరాం.

కొండకొస అంటే పూర్వం పెద్ద కొండ శిఖరమట, ఇప్పుడు నీళ్ళపైన రెండు మంచెలంత రాయి. నీటికాకి లేదు. మనిషి లేదు. మనిషి ఉన్న ఆనవాలూ లేదు. అది నేను ముందే ఎరుగుదును, అయినా చుట్టూ ఒకసారి నడిచి చూశాను. నడిస్తే తప్పేముంది?

నీ దీపం ఉంది.

రాతిలో ఇనుప ఊచ దిగ్గొట్టి, దానికి దీపాన్ని కట్టావు. తాడు మూడు చుట్లు, రెండు ముళ్ళు, మిగిలిన కొసని మళ్ళీ చుట్ల లోపలికి దోపావు. పారినాయుడు ఆ ముడి పట్టుకుని, "ఈశ్వరి ముడే పిన్నీ, ఇంకెవులూ ఇలా కొస దోపరు" అన్నాడు. నీ అసలు పేరు వాడి నోట చాన్నాళ్ళకి విన్నాను. అన్నాక సముద్రం వైపు తిరిగి కూర్చున్నాడు. వాడి పాటికి వాణ్ణి కూర్చోనిచ్చాను.

దీపం ఎండపలక మీద, పడవలో తెచ్చేటప్పుడు చుట్టే మైనపుగుడ్డ పీలికలు ఇంకా అంటుకుని ఉన్నాయి. అదీ జరిగింది. నువ్వు చేరావు. దీపం కట్టావు. గుడ్డ విప్పే లోపల తుఫాను వచ్చింది. ఇన్నాళ్ళూ గుడ్డ చాటున ఎండ తగలక అది నిద్రపోయింది. ఉప్పుకీ ఎండకీ గుడ్డ చివికి చివికి మొన్న ఊడిపోయింది. దీపం లేచింది.

నువ్వు దారిలో మునిగిపోలేదు. పని చేశాకే పోయావు. ఆ రాతి మీద కూర్చుని ఈ సంగతిని ఎంతసేపు నోట్లో చప్పరించానో.

అప్పుడే పోటు మొదలైంది. నీళ్ళు రాయెక్కుతున్నాయి. మేం చూస్తుండగానే దీపం తెలుపు నుంచి ఎరుపుకి తిరిగింది.

"సూసేవా పిన్నీ. పిచ్చిది. నీళ్ళు నీళ్ళలాగే ఉన్నాయి."

"పిచ్చిదైతే నీళ్ళు మంచివే కదా బావూ. గుక్కెడు తీసుకుని పుక్కిలించు."

వాడు దోసిట్లో నీళ్ళు తీసుకున్నాడు. నోటిదాకా తెచ్చాడు. ఆగాడు.

"ఏటి?"

"పుక్కిలిత్తాను పిన్నీ, ఉండు."

ఉన్నాను. వాడు పుక్కిలించలేదు. దోసిట్లో నీళ్ళు వేళ్ళ సందుల్లోంచి కారిపోయాయి. ఖాళీ దోసిలి వంక చూసుకుని వాడు నవ్వేశాడు. "నాను దాన్ని లెక్కలోకి తీసుకుంతన్నట్టే ఉన్నాను" అన్నాడు.

నేను వేలు ముంచి కింది పెదవికి రాసుకున్నాను. ముందు ఉప్పగా ఉంది. తరవాత చీమలు పాకినట్టు తిమ్మిరి ఎక్కింది. వాడూ రాసుకున్నాడు. వాడి కళ్ళు పెద్దవయ్యాయి. కాటునీరే.

ఆ రోజంతా అక్కడే ఉన్నాం. పోటు తీసి నీళ్ళు వెనక్కి మళ్ళగానే దీపం తెల్లబడింది. మళ్ళీ వేలు ముంచి రాసుకుంటే వట్టి ఉప్పు. మళ్ళీ పోటు వచ్చింది, మళ్ళీ ఎరుపు, మళ్ళీ చీమలు. చూసి చూసి పెదవులు వాచిపోయాయి, మాట ముద్దగా వస్తోంది, పారినాయుడు తాగినవాడిలా మాట్లాడుతుంటే నాకు నవ్వాగలేదు.

కాటునీరు కొండకొస అవతల వచ్చి నిలబడి ఉంది. పోటుతో పాటు ఇటు తొంగిచూస్తుంది, పోటు తీశాక వెనక్కి పోతుంది. ఊరి దగ్గర అలా ఎప్పుడూ జరగలేదు, ఎందుకంటే అంత ముందుగా చూసే దీపం ఊరికి ఎప్పుడూ లేదు. మాట మార్చినది దీపం కాదు, నీళ్ళు. అది నీళ్ళెలా ఉంటే అలా చెప్పింది. పౌర్ణమి పోటు అన్నిటికన్నా పెద్దది. ఆ పోటుకి అది ఊళ్ళోకి వచ్చేస్తుంది.


దశమి

నిన్న రాత్రికి రాత్రే ఎవరినీ లేపలేదు. ఈ పొద్దున కూడిక.

చిప్పలు ఇంకా చిన్నవి. పౌర్ణమికి ముందే ఎత్తితే వానాకాలం తిండి తరుగుతుంది. ఎత్తకపోతే, కాటునీరు నిజమైతే, ఒక్క చిప్పా మిగలదు, మిగిలినా తినలేం. ఏది తప్పినా పిల్లల కడుపులకే తగులుతుంది. అందుకే ఎవరూ తొందరపడలేదు.

పారినాయుడు లేచాడు. పెదవి ఇంకా వాపే. "కొండకొస దీపం నిజమే సెప్తన్నాది. నమ్ముతన్నాను."

"దాంతో ఏటి సేత్తావు?"

"మాయమ్మ మోకులు అందరికంటే ముందు ఎత్తేత్తాను."

వెనక నుంచి వాళ్ళమ్మ గొంతు. "నన్నడగక్కర్నేదేటి? ఇల్లు నీదయిపోయిందా అప్పుడే?"

అందరూ నవ్వారు. నవ్వాక గాలి కాస్త సడలింది. ఆమెను గురువులు మావ అడిగాడు. ఆమె కొడుకు వాచిన పెదవి వంక చూసి, "ఎత్తనీ" అంది.

తరవాత ఒక్కొక్కరూ వచ్చి, మేం కుండలో తెచ్చిన పోటునీటిలో వేలు ముంచి పెదవికి రాసుకున్నారు. రాసుకున్నవాళ్ళెవరూ ఎత్తనని అనలేదు. కన్నంనాయుడు రెండుసార్లు రాసుకున్నాడు.

బోడెమ్మప్ప మాత్రం కుండ దగ్గరికి రాలేదు. ఆమె మోకులే అందరికన్నా లావు, పోయేదీ ఆమెకే ఎక్కువ.

"ఆ కుండలో నీల్లు అక్కడివి. అక్కడ ఉన్నంత మాత్రాన ఇక్కడికి వచ్చేత్తాదని ఏటుంది? సగం నమ్మినాను."

"సగం నమ్మి ఏటి సేత్తావు?"

"సగం మోకులెత్తుతాను. ఇంకేటి సేత్తాను?"

ఎవరూ గాలిమాట అనలేదు. అనడానికి లేదు. ఆమె చెప్పినదానికి పని ఉంది.


త్రయోదశి

రెండు రోజులుగా ఈ పుస్తకం ముట్టుకోలేదు. ఊరంతా మోకుల మీదే ఉంది. ఎత్తడం, ఊడబీకడం, ఉడకబెట్టడం, ఎండబెట్టడం. మంచెలన్నిటి మీదా చిప్పలే, కాలు పెట్టే చోటు లేదు. పిల్లల వేళ్ళు కోసుకుపోయాయి. ఆవిరికి అందరి మొహాలూ ఎర్రగా, వాసన జుట్టుకి పట్టేసింది.

నాకు ఇన్ని రోజుల్లో ఇంత సుఖంగా ఎప్పుడూ లేదు జున్నూ. చెప్పడానికి సిగ్గుగా ఉంది గానీ నిజం. నీ దీపం ఎర్రగా వెలిగినా, ఆ ఒక్కదాని వల్ల ఏమీ కాలేదు. పారి దాని మీద గుడ్డపీలిక కప్పి పోయాడు, నేను దాన్ని నీ చెయ్యి అనుకున్నాను. మనుషులు లేచి మోకు పట్టుకున్నప్పుడే ఆ ఎరుపుకి మాటైంది. నువ్వు మొదలుపెట్టిన మాటని ఊరంతా కలిసి ఇప్పుడు పూర్తిచేస్తోంది. ఉడుకుతున్న కుండల మధ్య నిలబడి నేను ఇదే అనుకున్నాను, చెమట తుడుచుకున్నాను, మళ్ళీ పనిలో పడ్డాను.


పౌర్ణమి

కొండకొస దీపం ఎరుపు. పోటు తీశాక కూడా ఎరుపే.

సాయంత్రం అరుగు ముందు ఊరంతా నిలబడింది. చివరి బల్బు తరవాత దాని పక్కది ఎర్రబడింది. కాసేపటికి దాని పక్కది. ఎవరో మెల్లగా నడిచి వస్తున్నట్టు ఒక్కొక్కటే. చిట్టచివరికి మంచెల కింది దీపం ఎర్రబడినప్పుడు గురువులు మావ తలగుడ్డ తీసి భుజాన వేసుకున్నాడు.

బోడెమ్మప్ప నా పక్కనే ఉంది. సగం మోకులు ఆమెవి నీళ్ళలోనే ఉన్నాయి.

"పోనీలే" అంది. "సగమే పోనాది."

తరవాత, "నీ గుంట మంచి పనిమంతురాలే" అంది. నువ్వు బతికుండగా ఒక్కనాడూ ఆమె ఆ మాట అన్లేదు. నేను ఆమె నడుం చుట్టూ చెయ్యేశాను. అంత లావు నడుం, సగం దాకానే అందింది.


బహుళ పాడ్యమి

దీపాలన్నీ ఎరుపు. ఇంకో నెలైనా ఇలాగే ఉంటాయి.

నా వంతు అయిపోయింది. ఈ రాత్రి నుంచి పక్క వరస. ఇప్పుడు రాసేది నీకు కాదు జున్నూ, ఈ పుస్తకం అందుకునే మనిషికి.

అమ్మా, నువ్వెవరో నాకింకా చెప్పలేదు. పైన నా సొంత గోడు చాలా ఉంది, చదవాలనిపిస్తే చదువు, లేకపోతే రంగులు మాత్రం చూసుకో. ఒక్క సంగతి కూడికలో మార్చారు, అది తప్పకుండా గుర్తుంచుకో. రోజులోపల మాట మార్చిన దీపాన్ని ఇకమీద పక్కన పెట్టేయకూడదు. ఎవరో ఒకరు పడవేసుకుని వెళ్ళి దాని పక్కన కూర్చోవాలి. గుడ్డ కప్పకూడదు. కొండకొస దీపం నాలుక కడగడానికి నెలకోసారి పారినాయుడితో పాటు నేను వెళతాను, ఆ పని నాకు ఒప్పజెప్పారు.

నా కూతురు ఈశ్వరి పోయింది. ఇది ఎక్కడా రాసి లేదు, అందుకే ఇక్కడ రాస్తున్నాను. దాని చీరలు ఎవరికైనా కావాలంటే మా మంచెకి రండి, మంచివే, రెండు మాత్రం నేను ఉంచుకుంటాను.

వానలు మొదలవుతున్నాయి. కాపలా కూర్చున్నప్పుడు చలేస్తుంది. అరుగు మీద చట్టిలో చిప్పల కూర ఉంది, బోడెమ్మప్ప వండింది, కారం ఎక్కువే. చిప్పలు చిన్నవని చిన్నబుచ్చుకోకు, అవి మంచివి, మొదటి ముద్ద నేనే తిన్నాను. అన్నం వేడిగా వండుకుని, కడుపునిండా తిను తల్లీ.